మూడు చుక్కల ఫస్ట్ క్లాసు

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. కరెంటుది కాదు, బొగ్గులది. ఇత్తడి ఒళ్ళు, టేకు పిడి, మూత ఊడకుండా పట్టుకోవడానికి ముందువైపు ఒక కోడిపుంజు. ఆ పుంజును పక్కకు తిప్పితే నోరు తెరుస్తాను. నిప్పులు పోశాక మూసుకుంటాను. ఏమీ పోయకపోయినా నోరు తెరిచే వాళ్ళ మధ్య బతుకుతున్నారు కాబట్టి నాలాంటి వాళ్ళ పద్ధతి మీకు కొంచెం కొత్తగా ఉండొచ్చు.

ప్రస్తుతం చల్లగా ఉన్నాను. చాలా కాలంగా చల్లగానే ఉన్నాను. నిప్పులు తీసేశాక ఇత్తడికి ఏమీ అనిపించదు. ఈ కథలో ఎక్కడైనా నేను బాధపడుతున్నట్టు మీకు తోస్తే, అది నాది కాదు, మీ దగ్గర్నుంచి వచ్చినదే.

అజ్జరంలో ఒక కొలిమి దగ్గర పుట్టాను. పుట్టకముందు నేను ఒకడిని కాదు. ఒక చిల్లు బిందె, నాలుక ఊడిన గంట, ఎవరి పెళ్ళిలోనో ఎవరో చదివించిన మరచెంబు, అన్నీ కలిపి మూసలో కరిగించి అచ్చులో పోశారు. అందుకని నా వంశం గురించి గొప్పలు చెప్పుకునే వీలు నాకు లేదు. నన్ను పోతపోసినాయన అచ్చు పగలగొట్టి, ఆకురాయితో అంచులు రాసి, అటూ ఇటూ తిప్పి, వేలి కణుపుతో కొట్టి చూసి, "ఊఁ" అన్నాడు. నా గురించి ఒక మనిషి చెప్పిన మొట్టమొదటి అభిప్రాయం అది. ఆ రోజుల్లో అంతకుమించి చెప్పే ఆచారం లేదు. బాగోకపోతే మళ్ళీ కరిగించేవాళ్ళు. బాగుంటే "ఊఁ". మధ్యలో చుక్కలూ గిక్కలూ ఏమీ ఉండేవి కావు.

కాకినాడలో ఒక సందు మొగలో ఇస్త్రీ బండి పెట్టుకున్న గంగయ్య నన్ను కొన్నాడు. బండి చుట్టూ గుమస్తాలూ, బ్యాంకు ఉద్యోగులూ, లెక్చరర్లూ ఉండే ఇళ్ళు. వాళ్ళని నేను చొక్కాల ద్వారా ఎరుగుదును. కాలరు, జేబు, ముందుభాగం తళతళలాడాలి. వీపు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆఫీసులో కుర్చీకే కదా ఆనేది. పెళ్ళిచూపులకు వెళ్ళే చొక్కాకు మాత్రం వీపు కూడా చెయ్యమనేవాళ్ళు. లేచి వెళ్ళిపోయేటప్పుడు అమ్మాయి చూస్తుందేమోనని.

చొక్కా ఇస్తే ఊరికే తీసుకునేవారు కాదు. మడత విప్పి వెలుతురులోకి ఎత్తి, "ఇక్కడ కొంచెం..." అనేవారు. ఎక్కడో చెప్పేవారు కాదు. బాగుందని ఒప్పుకుంటే రేపట్నుంచి రేటు పెంచుతాడని భయం. గంగయ్య "ఆయ్, అలాగేనండి" అని చొక్కాను మళ్ళీ పరిచి, నన్ను గుడ్డకు తగలకుండా పైన ఒకసారి అటూ ఇటూ ఊపి, తిరిగి మడిచి ఇచ్చేవాడు. "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అని పట్టుకెళ్ళేవారు. గాలిని ఇస్త్రీ చేయించుకుని సంతోషపడే మనుషుల్ని చూసి నవ్వొచ్చేదా అంటే, అప్పుడు కడుపునిండా నిప్పులుండేవి కాబట్టి వచ్చే ఉంటుంది. ఇప్పుడు గుర్తు లేదు.

తర్వాత గంగయ్య కరెంటు పెట్టె కొనుక్కున్నాడు. నేను బండి కప్పు మీద టార్పాలిన్ ఎగిరిపోకుండా బరువుగా కూర్చున్నాను. అక్కడ ఎండకు కాలాను, వానకు నానాను, కాకులు కూర్చున్నాయి. ఒకరోజు నూకరత్నం అనే ఆవిడ వచ్చి, ఒక ప్లాస్టిక్ టబ్బు ఇచ్చి నన్ను పట్టుకెళ్ళింది. గంగయ్య ఆ టబ్బును వేలి కణుపుతో కొట్టి చూసుకున్నాడు. నా వైపు చూడలేదు.

నూకరత్నం ఒకప్పుడు గంపెత్తుకుని, పాత సామాన్లకు స్టీలు గిన్నెలిస్తామని వీధులన్నీ తిరిగేది. తర్వాత మానేసింది. మానెయ్యమని మోకాళ్ళు చెప్పాయి. దాంతో పాత ఇత్తడి సామాన్లు తెలిసిన వాళ్ళ దగ్గర కొని, ఫోన్లో వేలం వేసే యాప్ ఒకటుంటే అందులో పెట్టడం మొదలుపెట్టింది. ఫోటో పెడితే దేశంలో ఎక్కడెక్కడి వాళ్ళో పాట పాడతారు. ఎక్కువ పాడినవాడికి నూకరత్నం మొగుడు వీరబాబు పాత చీర ముక్కల్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపుతాడు. కంపెనీ వాళ్ళు వచ్చి పట్టుకెళతారు. అందుకున్నవాడు అమ్మినావిడకు ఐదు చుక్కల్లో ఎన్నో కొన్ని ఇవ్వాలి. ఇదీ పద్ధతి. పొద్దున్నే గుడికెళ్ళినట్టు నూకరత్నం ఆ చుక్కలు చూసుకునేది.

నా ఫోటో తీసిన రోజు మొగుడూ పెళ్ళాలిద్దరూ తగువులాడుకున్నారు.

"ఒసే, ఆ సొట్టేపు తీత్తావేటే? ఇటు తిప్పు, ఇటేపు నున్నగా ఉంది."

"సొట్టే ముందు తియ్యాలయ్యా."

"సొట్ట చూపిత్తే ఎవడు పాడతాడే?"

"సొట్ట చూసి పాడినోడు సుక్కలేత్తాడు. పాడేక సొట్ట చూసినోడు సుక్కలు పీకుతాడు. నువ్వు లైటు సరిగ్గా పట్టు."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఆవిడ చెప్పుకుంటూ పోతే అదే రాసుకుంది. పాతది. మూత మీద సొట్ట ఉంది. పిడి ఒక పక్క మాడింది. అడుగున గీతలున్నాయి. బొగ్గులు వేస్తే ఇప్పటికీ పనిచేస్తుంది. తోమలేదు, తోముకుంటే మెరుస్తుంది. పెళ్ళి సంబంధాలు ఇలా చెప్పుకుంటే లోకంలో పెళ్ళిళ్ళే జరగవు. నాకు సిగ్గేసిందా అని అడక్కండి. మొదట్లోనే చెప్పాను.

అప్పటికి నూకరత్నానికి ఒక చిక్కుంది. ఆ యాప్‌లో నమ్మకమైన అమ్మకందారు అని పేరు పక్కన పచ్చ టిక్కు పెడతారు. ఎవరైనా మూడు చుక్కలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఇస్తే అది తప్పు కింద లెక్క. మూడు తప్పులు పడితే టిక్కు పోతుంది. టిక్కు పోతే సరుకు ఎవరికీ కనపడని ఏ అడుగు పేజీలోకో పోతుంది. నూకరత్నానికి అప్పటికే రెండు పడ్డాయి.

మొదటిది ఒకాయన ఇచ్చాడు. తమ్మపడిగ అని స్పష్టంగా చెప్పి పెట్టినా పూలకుండీ అనుకుని కొని, హాల్లో గులాబీలు పెట్టుకున్నాడు. వచ్చిన చుట్టం ఒకావిడ, "మా తాత ఇందులోనే ఉమ్మేవాడు" అందిట. ఆ కోపంలో ఒక చుక్క ఇచ్చాడు. రెండోది ఒకావిడ ఇచ్చింది. సామాను తెచ్చిన కుర్రాడు ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే బెల్లు కొట్టాడు. రెండు చుక్కలు. ఆ బెల్లు నూకరత్నం కొట్టలేదు. ఆ తాత నూకరత్నానికి చుట్టమూ కాదు.

ఇంకొక్కటి పడితే మళ్ళీ గంప ఎత్తాలి. జగన్నాథపురంలో ఒక పెద్ద మేడ పడగొడుతున్నారు. ఆ ఇంటి ఇత్తడంతా ఆవిడకే ఇస్తామన్నారు. టిక్కు ఉంటే అది పండగ. లేకపోతే ఆ గంగాళాలూ గుండిగలూ ఇంట్లో పెట్టుకుని చూసుకోవాలి. వీరబాబు గోడకు బోర్లించిన గంపకేసి చూసేవాడు. నూకరత్నం మోకాళ్ళకు తైలం రాసుకునేది. ఆ గదిలో నాకొక్కడికే ఏ చింతా లేదు.

నన్ను పాడుకున్నాయన ముక్తేశ్వరరావు మాస్టారు. పదో తరగతికి తెలుగు చెప్పి రిటైరై, హైదరాబాదు నిజాంపేటలో ఫ్లాటు కొనుక్కుని, భార్య భ్రమరాంబ గారితో ఉంటున్నారు. ఎదురు ఫ్లాటాయన హాల్లో అద్దాల బీరువా పెట్టి, అందులో ఒక పాత టెలిఫోను పెట్టాడు. దాంట్లో ఎవరూ మాట్లాడరు. అయినా వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి "అబ్బ" అంటున్నారు. మాస్టారికి తమ ఇంట్లోనూ ఎవరైనా "అబ్బ" అంటే బాగుంటుందనిపించింది.

నేను ఆ ఇంటికి చేరాక విన్నదాన్ని బట్టి, వేలం అంటే గంట కొట్టేదాకా పాడుతూనే ఉండాలనుకున్నారు ఆయన. తన పాటే పైన ఉన్నా, దాని మీద తనే ఇంకాస్త పెంచారు. మళ్ళీ పెంచారు. భ్రమరాంబ గారు వంటింట్లోంచి వచ్చి చూసి, "ఏవండీ, అవతల ఎవరున్నారు?" అన్నారు. "ఎవడో మొండివాడు, తగ్గట్లేదు" అన్నారు మాస్టారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, లోపలికి వెళ్ళిపోయారు. అలా ఆయన మీద ఆయనే గెలిచి నన్ను దక్కించుకున్నారు. డబ్బు మాత్రం ఆ క్షణంలోనే వేసేశారు. బాకీ అంటే ఆయనకు జ్వరంతో సమానం.

పెట్టె వచ్చింది. చీర ముక్కలు ఒక్కొక్కటీ విప్పుతుంటే, "ఎంత ఒద్దికగా చుట్టిందండీ, పసిపిల్లాణ్ణి చుట్టినట్టు" అన్నారు భ్రమరాంబ గారు. మాస్టారు నన్ను ఎత్తి చూశారు. సొట్ట చూశారు. మాడిన పిడి చూశారు. తృప్తిగా తలాడించి, అలవాటుకొద్దీ జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఫోను మీద రాయడానికి వీల్లేదని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఒంటి వేలితో చాలాసేపు ఇలా రాశారు.

"వస్తువు వర్ణనకు తగినట్లుగా ఉన్నది. చుట్టిన తీరు మిక్కిలి శ్రద్ధతో కూడినది. లోపములను దాచకపోవుట ప్రశంసనీయము. మరింత కృషి చేసినచో ఉన్నత స్థానమునకు చేరగలరు."

కింద మూడు చుక్కలు పెట్టారు.

మర్నాడు టిఫిన్ల వేళకు ఫోను మోగింది. మాస్టారికి చెవి కాస్త తక్కువ. అందుకని ఏ ఫోనైనా అందరికీ వినపడేలా పెట్టి మాట్లాడతారు. నన్ను అప్పటికి టీపాయ్ మీద దినపత్రికల మీద పెట్టారు.

"సార్, నమస్కారమండి. కాకినాడ నుంచండి. ఇస్త్రీ పెట్టె పంపించాను కదండి, నూకరత్నాన్నండి."

"ఆఁ, చెప్పమ్మా! నీ సరుకు చాలా బాగుంది."

"ఆయ్. మీరు రాసిందంతా చదివించుకుని ఇన్నానండి. కళ్ళంట నీళ్ళొచ్చేసినాయండి."

"అంత అక్కర్లేదమ్మా. ఉన్నమాటే రాశాను."

"అవునండి. మరి మూడే ఏసేరేటండి?"

"మూడు వేశాను కదా. ఫస్ట్ క్లాసు!"

అవతల ఎక్కడో ఇత్తడి గిన్నె ఒకటి కింద పెట్టిన చప్పుడు.

"ఏటండి?"

"ఐదుకు మూడంటే నూటికి అరవై. అరవై అంటే ఫస్ట్ క్లాసు కదమ్మా. నేను తెలుగులో అరవై వేశానంటే మా స్కూల్లో మిఠాయిలు పంచేవాళ్ళు."

"ఈళ్ళు పంచరండి. ఈళ్ళు మూడంటే తప్పు కింద రాసేత్తారండి."

"అదెలా కుదురుతుంది? ముప్ఫై ఐదొస్తే పాసు. అరవై తప్పెలా అవుతుంది?"

"మీకవ్వదండి. ఆళ్ళకవుద్దండి. ఇప్పటికే రెండు పడ్డాయండి నాకు. ఇది నిలబడితే పచ్చ టిక్కు తీసేత్తారండి. మళ్ళీ గంపెత్తి తిరగాలండి. మోకాళ్ళు లేవండి సార్ నాకు. కొంచెం మార్చండి, ఏడు రోజుల్లోపు మార్చుకోవచ్చంటండి."

మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. మార్చడం అన్న మాట వినగానే ఆయన వెన్నెముక ఎప్పుడూ అలాగే అవుతుందని తర్వాత తెలిసింది.

"చూడు తల్లీ, ఒకసారి వేసిన మార్కులు మార్చడం నేరం. నా సర్వీసులో ఒక మంత్రిగారి బావమరిది పదో తరగతి పరీక్ష రాసి, ఇంటికొచ్చి అడిగాడు. అర మార్కు కూడా కలపలేదు."

"నేను మంత్రిగారి బావమరిదిని కాదండి."

"అదే కదమ్మా అంటున్నాను. ఆయనకే కలపలేదు."

"ఆయనకెన్నేసారండి?"

"ఇరవై రెండు."

"ఆయన సరిగ్గా రాయలేదు కాబట్టి అన్నే ఏసేరండి. నేను సొట్ట ఉందన్నానండి, ఉందా లేదాండి?"

"ఉంది."

"పిడి మాడిందన్నానండి."

"మాడింది."

"మరిక నేనేం జెయ్యాలండి?"

మాస్టారు "చూస్తానమ్మా" అని పెట్టేశారు. చూస్తానంటే మధ్యతరగతి భాషలో చూడనని అర్థం. కానీ ఆ రోజు మాస్టారికి నిజంగానే ఏదో చూడాల్సి వచ్చింది. ఎందుకంటే భ్రమరాంబ గారు ఇదంతా వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ అడిగారు.

"పప్పు ఎలా ఉందండీ?"

"పర్వాలేదు."

"పర్వాలేదంటే ఎన్ని చుక్కలు?"

మాస్టారు ముద్ద ఆపి, "మూడు" అన్నారు.

"నిన్నటి పప్పు అడుగంటింది కదా, దానికి?"

"అది... రెండున్నర."

"అంటే మాడిన పప్పుకూ మాడని పప్పుకూ మీ దగ్గర అర చుక్కే తేడా."

"అలా కాదు..."

"మరెలా? మన పెళ్ళైన దగ్గర్నుంచీ నేను ఆ అర చుక్క కోసమేనా పొయ్యి దగ్గర నిలబడ్డది? ముందే చెబితే రోజూ మాడ్చేసి హాయిగా కూర్చునేదాన్ని కదా."

"ఇదిగో, పై రెండు చుక్కలూ ఎవరికీ వెయ్యరు. అవి కాగితం మీద ఉంటాయంతే. తెలుగులో నూటికి నూరు ఎవడికైనా వేస్తారా?"

"ఆవిడ తెలుగు పరీక్ష రాయలేదండీ. ఇస్త్రీ పెట్టె పంపింది."

మాస్టారు మజ్జిగన్నం కలుపుకున్నారు. భ్రమరాంబ గారు చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన ఫోను తీసుకుని, నూకరత్నం నా గురించి చెప్పుకున్న మాటలు పైకి చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క మాటా చదివి నన్ను తిప్పి చూసేవారు. "మూత మీద సొట్ట. ఇదిగో. పిడి మాడింది. ఇదిగో. అడుగున గీతలు. ఇవిగో. ఉన్నాయన్న లోపాలన్నీ ఉన్నాయండీ, ఒక్కటి కూడా తగ్గలేదు." నా లోపాలను ఇంత సంతోషంగా లెక్కపెట్టిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"ఏం చూసి రెండు కోశారు మీరు?"

"కొయ్యలేదు. మూడు వేశాను. కొయ్యడం వేరు, వెయ్యడం వేరు."

"ఆవిడ మోకాళ్ళకి ఆ తేడా తెలుస్తుందంటారా?"

మాస్టారు భూతద్దం తెప్పించుకున్నారు. ఆ యాప్ ఆయనను ఏమి అడిగిందో మొదటిసారి ప్రశ్నపత్రం చదివినట్టు చదివారు. చుక్కల కింద ఎవరూ చదవనంత చిన్న అక్షరాల్లో అర్థాలు రాసి ఉన్నాయి. ఐదు అంటే చెప్పినట్టే ఉంది. నాలుగు అంటే చిన్న తేడా ఉంది. మూడు అంటే నిరాశపరిచింది.

ఆయన ముఖం ఎర్రబడింది.

"మూడుకి నిరాశా? అరవై మార్కులకి నిరాశా? ఈ పేపరు ఇచ్చిందెవడు?"

"ఎవరైతేనేం. మీరు నిరాశపడ్డారా?"

"పడలేదు. నేను పడ్డానని వీడు రాశాడు. నా చేత అబద్ధం రాయించాడు!"

అప్పుడు ఆయన కొంచెం సర్దుకున్నారు. పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపుల్లో ఒక పద్ధతి ఉంది. ప్రశ్నలోనే తప్పు దొర్లితే, దాన్ని ముట్టుకున్న ప్రతివాడికీ మార్కులు కలపాలి. అది దయ కాదు, నిబంధన. దానికి ఏ మంత్రిగారి బావమరిదీ రానక్కర్లేదు. మాస్టారు భార్యకు ఈ విషయం రెండుసార్లు వివరించారు. తాను మార్కులు మార్చడం లేదనీ, తప్పుడు ప్రశ్నకు పరిహారం కలుపుతున్నాననీ, ఈ రెండూ ఒకటి కావనీ. భ్రమరాంబ గారు "అబ్బే, ఒకటెలా అవుతాయి" అన్నారు.

కానీ ఎన్ని కలపాలి? చెప్పినట్టే ఉంటే ఐదు. అంటే నూటికి నూరు. ఆ అంకె దగ్గర మాస్టారు చెయ్యి ఆగిపోయింది. జీవితంలో ఎన్నడూ వెయ్యనిది. వేలు ఐదో చుక్క దాకా వెళ్ళేది, వేడి పెనం తగిలినట్టు వెనక్కి వచ్చేది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన నన్ను పరీక్షించారు. కిటికీ దగ్గరకు పట్టుకెళ్ళి చూశారు. తిరగేసి చూశారు. మూత తెరిచి లోపల టార్చి వేశారు. గంగయ్య వదిలేసిన బూడిద కొంచెం ఆయన బనీను మీద రాలింది. నూకరత్నం చెప్పని లోపం ఒక్కటి దొరికితే చాలు, ఒక్క చుక్క తగ్గించి ధర్మంగా నాలుగు వెయ్యవచ్చు. నా ఒంటి మీద నూకరత్నం చెప్పనిది ఏదైనా ఉందా అని నన్నడిగితే చెప్పేవాణ్ణి. అడగలేదు. ఇత్తడిని అడిగి మార్కులు వేసే అలవాటు ఆయనకు లేదు.

భ్రమరాంబ గారు కాఫీ తెచ్చి పక్కన పెట్టారు. ఆయన తాగలేదు. "ఏవండీ, ఇంక వదిలెయ్యండి. అంత వెతికితే మనుషుల్లో కూడా దొరుకుతాయి" అన్నారావిడ.

సరిగ్గా అప్పుడు దొరికింది. కోడిపుంజు తోక. తోక కొస వరిగింజంత విరిగి ఉంది. అచ్చు పగలగొట్టినప్పుడే విరిగింది. పోతపోసినాయన కూడా గమనించలేదు. నూకరత్నం ఎక్కడా రాయలేదు.

"తోక!" అన్నారు మాస్టారు. "తోక గురించి రాయలేదు చూడు! చిన్న తేడా! చిన్న తేడా ఉంది!"

పరీక్ష పాసైన పిల్లవాడిలా ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే కూర్చుని మూడు తీసేసి నాలుగు పెట్టారు. కింద ఒక వాక్యం చేర్చారు. "కుక్కుట పుచ్ఛ భంగము ప్రకటనలో పేర్కొనబడలేదు." తర్వాత వెనక్కి వాలి, చల్లారిపోయిన కాఫీ ఒక్క గుక్కలో తాగేశారు.

"ఎనభై" అన్నారు కాసేపటికి. "డిస్టింక్షన్."

"పోనీలెండి," అన్నారు భ్రమరాంబ గారు, "ఎవరికీ చెప్పకండి."

సాయంత్రం నూకరత్నం ఫోను చేసింది. ఈసారి వెనక వీరబాబు గొంతు కూడా వినపడింది, గంగాళం ఏదో ఆటోలోకి ఎక్కించమని ఎవరికో కేకలేస్తున్నాడు.

"సార్, నిలబడిందండి! టిక్కు ఉందండి! జగన్నాథపురం సామానంతా ఎత్తేత్తన్నామండి."

"సంతోషం తల్లీ. కానీ తోక గురించి ముందే రాసుండాల్సింది."

"తోకేటండి?"

"కోడిపుంజు తోక."

"దానికి తోకుందాండి?" అంది నూకరత్నం. తర్వాత కంగారుపడి, "ఆయ్, ఈసారి రాత్తానండి. అన్ని తోకలూ చూసే పెడతానండి" అంది. "సార్, నేను మీకేసింది చూసుకున్నారాండి?"

"నువ్వు నాకు వెయ్యడమేమిటి?"

"కొన్నోళ్ళకి మేం కూడా ఎయ్యాలి కదండి. మీరు డబ్బులేసిన రోజే ఏసేసానండి."

మాస్టారు భూతద్దం తీసుకున్నారు. ఫోన్లో ఎక్కడెక్కడో నొక్కారు. ఎక్కడో ఒక మూల ఆయన పేరు, దాని కింద చుక్కలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన ఆగి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టారు. ఐదోది కూడా ఉంది. నిండుగా ఉంది.

"అమ్మా," అన్నారాయన, "ఐదుకు ఐదు వేశావు."

"ఆయ్."

"ఎందుకు వేశావు?"

"ఎందుకేటండి?" నూకరత్నానికి ప్రశ్న అర్థం కాలేదు. "డబ్బులు వెంటనే ఏసేరండి. అడ్రసు సరిగ్గా ఇచ్చేరండి. కొన్నోరు చెయ్యాల్సింది అంతే కదండి. చెయ్యాల్సిందంతా చేసేసాక ఇంక తగ్గించడానికేముంటాదండి?"

మాస్టారు నోరు తెరిచారు. ఆయన దగ్గర దీనికి ఏదో ఒక నిబంధన ఉండే ఉంటుంది. దొరకలేదు. "సరేనమ్మా, ఉంటాను" అని పెట్టేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. భ్రమరాంబ గారు దగ్గరకొచ్చి, "ఏమైందండీ?" అని అడిగారు.

"ఏం లేదు. ఆవిడకి దిద్దడం రాదు. అంతే."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఫోను మళ్ళీ తీసి చూసుకున్నారు. మర్నాడు పొద్దున్న పాలవాడు రాకముందే ఇంకోసారి చూసుకున్నారు. మబ్బు పడితే కనపడవేమో అన్నట్టు కిటికీ దగ్గరకు వెళ్ళి చూసుకున్నారు.

తర్వాత అద్దాల బీరువా వచ్చింది. నన్ను చింతపండు పెట్టి తోమి, మెరిపించి, మధ్య అరలో పెట్టారు. లోపల చిన్న బల్బు కూడా ఉంది. అది వెలిగినా వేడి రాదు. ఎదురుగా బయట ఎవరేం మాట్లాడినా అద్దంలోంచి కొంచెం దూరంగా వినపడుతుంది. దుమ్ము పడదు. కాకులు రావు. ఎవరైనా వస్తే మాస్టారు మొదట్లో నన్ను చూపించేవారు. వాళ్ళు "అబ్బ" అనేవారు. అది వినాలనే కదా ఆయన నన్ను పాడుకున్నది. విన్నారు. ఆయన ముఖంలో పెద్ద మార్పేమీ కనిపించలేదు.

ఈ మధ్య చూపించడం మానేశారు. వచ్చినవాళ్ళు సోఫాలో కూర్చోగానే తిన్నగా ఫోను తీస్తున్నారు. మొన్న ఎదురు ఫ్లాటాయన వచ్చాడు.

"ఏమిటి మాస్టారూ ఇది?"

"లెక్కపెట్టండి."

"ఐదున్నాయి."

"ఎన్నింటికి?"

"ఐదింటికి. అంటే నూటికి నూరా! మీకా!"

"తెలియని ఊరండి. తెలియని మనిషి. నేను అడగలేదు కూడా" అన్నారు మాస్టారు. ఫోనును వెనక్కి తీసుకుని, తెర మీద పడ్డ వేలిముద్రను ధోవతి కొసతో తుడిచారు.

ఎదురు ఫ్లాటాయనకు ఇంకేమనాలో తోచక చుట్టూ చూశాడు. బీరువాలో నేను కనపడ్డాను.

"అదేమిటండీ?"

"ఈ ఐదూ దానికే ఇచ్చారు" అన్నారు మాస్టారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.